పది డిగ్రీల పిడికిలి

ఖగోళశాస్త్రం మేడమ్ పోయారని మా పాత క్లాసు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు నేను దోహాలోని అల్ హిలాల్‌లో మా ఇంటి కింద సూపర్‌మార్కెట్‌లో కొత్తిమీర ఏరుతున్నాను. చదివాక మొదట చేసిన పని, ఖాళీగా ఉన్న చెయ్యి ముందుకు చాచి, ఒక కన్ను మూసి, పిడికిలి బిగించడం. పాలడబ్బాల అర మీద నుంచి సీలింగు దాకా మూడు పిడికిళ్ళు. ట్రాలీ తోసుకుంటూ వస్తున్న ఒకావిడ నన్ను చూసి కాస్త దూరంగా తప్పుకుంది.

ఆ అలవాటు మేడమ్‌ది. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి పట్టుకుంటే దాని వెడల్పు ఆకాశంలో పది డిగ్రీలు. పొట్టివాళ్ళకైనా పొడుగువాళ్ళకైనా అంతే. "చెయ్యి పొట్టిదైతే పిడికిలీ చిన్నదే ఉంటుంది. లెక్క సరిపోతుంది. దేవుడు ఈ ఒక్క విషయంలో ఎవరికీ ఎక్కువ తక్కువలు పెట్టలేదు" అనేవారు. కాలేజీ కారిడార్లో పైనున్న గడియారాన్ని కొలిచేవారు. స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్ తలకాయని కూడా కొలిచారని, అది ఒక పిడికిలికి కాస్త తక్కువని చెప్పుకునేవాళ్ళు.

ఆ సాయంత్రమే మేడమ్ వాళ్ళబ్బాయి కాకినాడ నుంచి గ్రూపులో రాశాడు. శుక్రవారం ఆన్‌లైన్‌లో జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నామని, విద్యార్థుల్లో ఎవరైనా ఒకరు అమ్మ గురించి రెండు నిమిషాలు మాట్లాడితే బాగుంటుందని. దాని కింద వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు పడ్డాయి. మాట్లాడతామని మాత్రం ఎవరూ అనలేదు. రాత్రి భోజనాలయ్యాక నేను "నేను మాట్లాడతాను" అని టైపు చేసి, చూసుకుని, పంపేశాను.

మా అమ్మ నమ్మలేదు. "నువ్వా? మాట్లాడ్తవా? డాక్టరు దగ్గర గూడ నీ కడుపునొప్పి నేనే చెప్తి గద బిడ్డా!"

అది నిజమే. అందుకే ఆ రెండు నిమిషాల్లో ఏం చెప్పాలో ఆలోచించుకోవడానికి డైరీ తీశాను. రాస్తూ పోతే ఇదంతా వచ్చింది.

*

మాది కామర్స్. డిగ్రీకి ఒక సైన్స్ సబ్జెక్టు తప్పనిసరి. నేను ఖగోళశాస్త్రం ఎంచుకోవడానికి కారణం నక్షత్రాల మీద ప్రేమ కాదు. చీకటి గదిలో స్లైడ్లు వేస్తారు, ఎవరూ ఎవర్నీ లేపి ప్రశ్నలు అడగరు అనుకున్నాను. ఊళ్ళో ఉన్న మా నానమ్మకి ఖతర్ అయినా కువైట్ అయినా దుబాయే. నేనేం చదువుతున్నానో ఫోన్లో చెబితే "దుబాయ్‌ల సుక్కలు గూడ కనవడ్తయా? అన్ని లైట్లే గదనే" అంది. నానమ్మ సందేహం సరైనదే. దోహాలో పుట్టి పెరిగిన మా క్లాసువాళ్ళలో చాలామందికి ఆకాశం అంటే నారింజరంగు కప్పు.

మొదటి వారమే మేడమ్ మమ్మల్ని కాలేజీ బిల్డింగు పైకప్పు మీదికి తీసుకెళ్ళారు. అప్పుడే మగ్రిబ్ నమాజు అయి చీకటి పడుతోంది. కాటన్ చీర, కింద పరుగు పందెంవాళ్ళ బూట్లు, చెవుల మీదుగా గట్టిగా కట్టుకున్న ఊలు స్కార్ఫ్. చేతిలో బాస్మతి బియ్యం జిప్పు సంచీ. "ఫోన్లన్నీ ఇందులో వేయండి" అన్నారు. అందరి ఫోన్లూ అందులో పడ్డాక జిప్పు లాగి, భుజానికి తగిలించుకున్నారు. ఆ సంచీ లేకుండా ఆమె ఆకాశం కిందికి వెళ్ళగా నేను చూడలేదు. ఫోన్ వెలుతురు పడితే కన్ను మళ్ళీ చీకటికి అలవాటు పడడానికి చాలాసేపు పడుతుందని కారణం. అసలు కారణం ఇంకొకటి ఉందని నాకనిపించేది. ఫోన్లో యాప్ ఆకాశం వైపు పెడితే పేర్లన్నీ అదే చెప్పేస్తుంది. మేడమ్‌కి పేర్లంటే తొందర లేదు. "ముందు చూడండి. పేరు ఎక్కడికీ పారిపోదు" అనేవారు.

"ఎవరికైనా ఏదైనా కనిపిస్తోందా?" అని అడిగారు.

తూర్పున, సముద్రం వైపు, ఒక్క పెద్ద వెలుగు. మెరుస్తూ, కదలకుండా, ధీమాగా ఉంది. ముందు రోజు రాత్రే నేను పుస్తకంలో గ్రహాల అధ్యాయం అంతా చదివి ఉన్నాను. నాకేమైందో తెలియదు, జీవితంలో మొదటిసారి ఎవరూ పేరు పెట్టి పిలవకుండా నోరు తెరిచాను. "జూపిటర్" అన్నాను.

"బాగుంది. రెండు నిమిషాలు ఆగుదాం" అన్నారు మేడమ్.

ఆగాం. నా జూపిటర్ పెద్దదయింది. ఇంకా పెద్దదయింది. తర్వాత ఒక పక్కకి వాలి, రెక్కల చివర ఎర్ర దీపం, పచ్చ దీపం చూపించి, చక్రాలు దించుకుని ఎయిర్‌పోర్టు వైపు వెళ్ళిపోయింది. అసలు జూపిటర్ మా నెత్తిన ఉంది. మేమెవ్వరం తలెత్తలేదు.

కోజికోడ్ అబ్బాయి ఒకడు ఉండేవాడు, ఊరు కేరళలోదే కానీ దోహాలోనే పుట్టి పెరిగినవాడు, మాటకారి. "జూపిటర్ ఎయిర్‌వేస్! ప్రయాణికులు దయచేసి సీటు బెల్టులు పెట్టుకోవాలి!" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచి వాడికి నేను జూపిటర్ ఎయిర్‌వేసే.

మేడమ్ నవ్వలేదు, వాణ్ణి తిట్టనూ లేదు. "మన ఊళ్ళో అందరూ చేసే తప్పే ఇది. మనవైపే ముఖం పెట్టి దిగే విమానం కాసేపు నక్షత్రంలాగే ఉంటుంది. కొత్తలో నేను దీన్ని శుక్రుడనుకుని మా ఆయనకి చూపించాను. ఆయన పెట్టెలు విప్పడం ఆపి, 'మనల్ని వెనక్కి తీసుకెళ్ళేది కూడా ఇదే శుక్రుడా' అన్నారు. రెండు నిమిషాలు ఆగండి. మన మీదికి వచ్చేదైతే అదే వస్తుంది" అన్నారు.

అది ఆమె మొత్తం విద్య అనుకోవచ్చు. రెండు నిమిషాలు. ఎవరేం చూశామన్నా ముందు రెండు నిమిషాలు. ఆమె వెళ్ళే చర్చిలో ప్రతి క్రిస్మస్‌కీ అయ్యగారు ఒకటే అడిగేవారట, యేసు పుట్టినప్పుడు జ్ఞానులకి దారి చూపించిన నక్షత్రం ఏదమ్మా, సైన్సు ప్రకారం చెప్పండి అని. మేడమ్ జవాబూ ప్రతి క్రిస్మస్‌కీ ఒకటేనట. "ఆ రోజు నేనక్కడ లేనండీ అయ్యగారూ."

*

తెలుగువాళ్ళమని ఒకరికొకరం తెలిసింది కారిడార్లో. నేను అమ్మతో ఫోన్లో "ఇప్పుడే అయిపోయిందమ్మా, వస్తున్న" అంటుంటే వెనకనుంచి "ఏం అమ్మాయ్, హైదరాబాదా?" అన్నారు. అప్పటికే నేను ఆ క్లాసు మానేద్దామని నిర్ణయించుకున్నాను. నవ్వినందుకు కాదు. సిలబస్ చివర ఒక పరీక్ష ఉంది. ఎడారిలో, చీకట్లో, ప్రతి ఒక్కరూ తమకిచ్చిన నక్షత్రాన్ని క్లాసు మొత్తానికి చూపించాలి. నోటితో. అది తప్పితే సబ్జెక్టు తప్పినట్టే.

ఆమె గదికి వెళ్ళాను. కిటికీ గట్టు మీద పెన్నుల డబ్బా, దాని నీడ పడే చోట మాస్కింగ్ టేపు ముక్క, దాని మీద "టీ" అని రాసిన గీత. నీడ గీతని తాకితే మేడమ్ టీకి లేస్తారు. కాంటీన్ గడియారానికీ ఆ గీతకీ ఎప్పుడూ కుదిరేది కాదు.

"మేడమ్, ఆ పరీక్ష నేను రాసి ఇస్తా. ఎన్ని పేజీలైనా రాస్తా" అన్నాను.

"రాయగలవని నాకు తెలుసులే. విమానం మీద రిపోర్టు నాలుగు పేజీలు రాశావు కదా, చదివాను. ఆ విమానం పైలట్టు చదివితే మురిసిపోతాడు" అన్నారు. తర్వాత కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. "కానీ అమ్మాయ్, చీకట్లో నీ పక్కనున్నవాడికి కాగితం కనపడదు. నువ్వు వేలు పెట్టి చూపిస్తే ఆ వేలూ కనపడదు. ఇంక మిగిలింది గొంతే. ఆ నక్షత్రం దగ్గరికి వాణ్ణి నీ గొంతే తీసుకెళ్ళాలి."

నేను తలుపు వైపు ఒక అడుగు వేశాను.

"ఇంకో సంగతి. చీకట్లో నీ ముఖం కూడా ఎవరికీ కనపడదు. సిగ్గుపడేవాళ్ళకి ఇంతకంటే మంచి క్లాసు ఈ కాలేజీలో ఉందా చెప్పు?"

నేను ఆ క్లాసు మానేయలేదు.

మర్నాటి క్లాసులో బల్ల మీద దీపం పెట్టి, తన తిరిగే కుర్చీ గది మధ్యకి తోసి, నన్ను పిలిచారు. "కూర్చో. నువ్వు భూమివి. భయపడకు, భూమికి డైలాగులుండవు." నన్ను మెల్లగా ఎడమవైపుకి తిప్పారు. ఎడమ కంటి చివర్లో దీపం కనిపించగానే చెయ్యెత్తమన్నారు. ఎత్తాను. "ఇప్పుడు చెప్పండి. సూర్యుడు వచ్చాడా, ఈ అమ్మాయి తిరిగిందా?" అని క్లాసుని అడిగారు. తర్వాత చాలా రోజులు పొద్దున్నే బస్సు కిటికీలోంచి సూర్యుణ్ణి చూసినప్పుడల్లా, ఎవరో నా కుర్చీ తిప్పుతున్నట్టే ఉండేది.

ధ్రువ నక్షత్రం గురించి చెప్పిన రోజు ఆమె మిగతా రోజులకంటే ఉత్సాహంగా ఉన్నారు. మనం ఉత్తరానికి పోయేకొద్దీ అది ఆకాశంలో పైకెక్కుతుంది. "మా కాకినాడలో రెండు పిడికిళ్ళు కూడా ఉండదు. దోహాలో రెండున్నర. ఉద్యోగానికని ఇక్కడికొచ్చాక మా ఇంట్లో ప్రమోషన్ వచ్చింది ధ్రువుడొక్కడికే" అన్నారు. క్లాసులో అందరూ నవ్వారు. మరి దిగిపోయింది ఎవరు అని అడగాలనిపించింది నాకు. అడగలేదు. నోట్స్ పక్కన రాసుకున్నాను.

జవాబు నాకు పరీక్షగా వచ్చింది. చీటీలు పంచారు. నా చీటీలో అగస్త్య నక్షత్రం. ఇక్కడివాళ్ళు సుహైల్ అంటారు, తెల్లవారుజామున అది మొదటిసారి కనిపిస్తే ఎండాకాలం వెనక్కి తిరిగినట్టని సంబరపడతారు. దక్షిణాన కిందుగా ఉంటుంది. కాకినాడలో రెండు పిడికిళ్ళు, దోహాలో ఒకటి, దాని మీద కొంచెం. ధ్రువుడు ఎంత ఎక్కాడో ఇది అంత దిగింది.

*

ఫిబ్రవరి చివర్లో వెళ్ళాం. అల్ షహానియా దాటి, ఒంటెల పందేల ట్రాకు దాటి, లైట్లు లేని చోట బస్సు ఆగింది. చలిగాలి. చీకటి పూర్తిగా దిగగానే, దోహాలో పెరిగినవాళ్ళం అందరం తలలెత్తాం. అన్ని నక్షత్రాలు ఉంటాయని పుస్తకంలో చదవడం వేరు. బియ్యం సంచీ నిండింది. మేడమ్ ఎర్ర కాగితం అంటించిన టార్చితో పేర్లు పిలుస్తున్నారు. కోజికోడ్ అబ్బాయి కృత్తికలు చూపించి, జోకులేసి, చప్పట్లు కొట్టించుకున్నాడు. తర్వాత నా పేరు.

లేచాను. ముఖం ఎవరికీ కనపడదు, ఆవిడ చెప్పింది నిజమే.

నేను నోరు విప్పేలోపలే ఎవరో అరిచారు, "అదిగో! కింద!" దక్షిణాన, నేలకి దగ్గరగా, పసుపుపచ్చగా, నిండుగా ఒక వెలుగు. "సుహైల్! సుహైల్!" అని ఇంకొందరు. కోజికోడ్ అబ్బాయి, "జూపిటర్ ఎయిర్‌వేస్, నీ పని అయిపోయింది, థాంక్యూ చెప్పి కూర్చో" అన్నాడు.

చెయ్యి చాచాను. దారి నాకు కంఠతా వచ్చు. పైన అన్నిటికంటే ప్రకాశవంతమైన నక్షత్రం సిరియస్. దాని నుంచి నిటారుగా కిందికి మూడున్నర పిడికిళ్ళు. ఒకటి, రెండు, మూడు, సగం. నా పిడికిలి ఆ పసుపు వెలుగు దాకా చేరలేదు. వెలుగు ఇంకా కిందుంది. మళ్ళీ కొలిచాను. మళ్ళీ అంతే. మూడున్నర దగ్గర ధూళి తప్ప ఏమీ లేదు.

"అదే అనుకుంటాను. చెప్పు" అన్నారు మేడమ్, ఇంగ్లీషులో, అందరికీ వినపడేలా.

ఆమె కూడా అలా అనేసరికి నాకు కూర్చోవాలనిపించింది. అవునంటే చాలు, మార్కులు వస్తాయి, బస్సెక్కొచ్చు. కానీ నా చెయ్యి ఇంకా చాచే ఉంది, పిడికిలి ఇంకా బిగిసే ఉంది, లెక్క తప్పలేదు.

"కాదు మేడమ్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అందరూ రెండు నిమిషాలు ఆగండి."

ఎవరో ముసిముసిగా నవ్వారు. తర్వాత ఆగారు. ఆ నిశ్శబ్దంలో అందరూ నా మాట మీద నిలబడి ఉన్నారు. అది నాకు ముందెప్పుడూ జరగలేదు. భయం వేయలేదు, అదే విచిత్రం. పసుపు వెలుగు మెల్లగా ఎడమకి జరిగింది, ఇంకొంచెం జరిగింది, రెండు ముక్కలైంది. దూరంగా దిబ్బ మీద మలుపు తిరుగుతున్న బండి హెడ్‌లైట్లు.

ఈలోగా ధూళి కాస్త పలచబడింది. మూడున్నర పిడికిళ్ళ దగ్గర, కొంచెం కుడికి, ఒక తెల్లటి చుక్క.

"అందరూ సిరియస్ పట్టుకోండి. దాని కింద పిడికిలి పెట్టండి. ఒకటి. ఆగండి, చెయ్యి వంచొద్దు. రెండు. మూడు. ఇంకో సగం. ఇప్పుడు కొంచెం కుడికి."

చీకట్లో ఒకరి తర్వాత ఒకరు "ఆ..." అన్నారు. వేర్వేరు చోట్ల నుంచి, వేర్వేరు గొంతులు. నేను ఎవర్నీ చూడలేదు, కానీ ఎవరెవరు అక్కడికి చేరుకున్నారో నాకు తెలుస్తూనే ఉంది. చివరగా కోజికోడ్ అబ్బాయి, "సరే, ల్యాండయింది" అన్నాడు.

"నేను పొరబడ్డాను. ఈ అమ్మాయి చెప్పిందే కరెక్టు" అన్నారు మేడమ్ అందరితో. అంతే మామూలుగా తర్వాతి పేరు పిలిచారు.

బస్సెక్కేటప్పుడు ఆమె పక్కకి వెళ్ళి, "మేడమ్, మీకు తెలిసే అట్ల అన్నరు కదా, నేను మాట్లాడాలని?" అన్నాను.

"నన్నంత గొప్పదాన్ని చేయకే తల్లీ. కళ్ళజోడు బస్సులో మర్చిపోయాను, నాకు అంతా మసక మసగ్గా ఉంది. నిజంగానే అదే అనుకున్నాను" అన్నారు. రెండు మెట్లెక్కి, మళ్ళీ ఆగారు. "ముప్ఫై మంది అవునంటే ఎవరైనా అవునంటారు అమ్మాయ్. నీకెందుకు కాదనిపించింది?"

"కొలిచిన మేడమ్."

చీకట్లో ఆమె నవ్వడం విన్నాను. ఆమె నవ్వు విన్నది ఆ ఒక్కసారే అనుకుంటాను.

రిటైరై కాకినాడ వెళ్ళిపోయాక నాకొక వాయిస్ మెసేజ్ పెట్టారు. వెనక సముద్రం హోరు. "అమ్మాయ్, బీచిలో ఉన్నాను. కళ్ళజోడు పెట్టుకునే ఉన్నాను. రెండు పిడికిళ్ళు." అంతే. హలో లేదు, ఎలా ఉన్నావని లేదు.

*

శుక్రవారం ఏడింటికి ఫోన్ పట్టుకుని మా టెర్రస్ మీదికి వెళ్ళాను. అమ్మ కూడా వచ్చింది, నేను మాట్లాడలేకపోతే తను అందుకోవచ్చని కాబోలు. పాట, ప్రార్థన అయ్యాయి. వాళ్ళబ్బాయి నా పేరు పిలిచాడు. తెర మీద చిన్న చిన్న గళ్ళలో అన్ని ముఖాలూ నన్నే చూస్తున్నాయి. రాసుకున్నదంతా పక్కన పెట్టాను.

"అందరూ మీ కెమెరాలు ఆపేయండి" అన్నాను. ఒక్కొక్క గడీ నల్లబడింది. ఇప్పుడు సరిగ్గా ఉంది. "మేడమ్ ఉంటే ఫోన్లు సంచీలో వేయమనేవారు. మీరు జేబులో పెట్టుకోండి. బయటికి వెళ్ళి దక్షిణం వైపు చూడండి. చెయ్యి చాచండి."

దారి చెప్పాను. సిరియస్, మూడున్నర పిడికిళ్ళు, కొంచెం పక్కకి. మా అమ్మ నా పక్కన కొంగు సర్దుకుని పిడికిలి బిగించింది. "గిదేనా? నీటి ట్యాంకు మీదున్నది?" అదే. దోహాలో ఒక పిడికిలి ఎత్తు.

కోజికోడ్ అబ్బాయి ఇప్పుడు జర్మనీలో ఉంటాడు. "మా దగ్గర ఎన్ని పిడికిళ్ళు?" అని అడిగాడు. వాడి గొంతు పాతదే కానీ జోకు లేదు.

"నీకు కనపడదు. అక్కడ అది నేల కిందే ఉంటుంది. చూశానని చెప్పకు."

"చెప్పను" అన్నాడు.

కాకినాడ నుంచి మెట్లెక్కుతున్న చప్పుడు, తలుపు గొళ్ళెం తీసిన చప్పుడు. "కొబ్బరిచెట్టు అడ్డం వస్తోందండీ... ఆగండి... ఇటు జరిగాను." మేడమ్ వాళ్ళబ్బాయి. "ఒకటి... రెండు. ఉందండీ! రెండో పిడికిలి మీద కూర్చుంది. అమ్మ రోజూ చూడమనేది ఇదేనా అండీ?"

అవునని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

"రెండు నిమిషాలు ఆగండి" అన్నాను.

అందరం ఆగాం. అది మా మీదికి రాలేదు. ఎటూ పోలేదు.